జిమ్, స్టూడియో, ఫ్రాంచైజీ, ఇంటికెళ్లి ట్రైనింగ్: ఫిట్‌నెస్ వ్యాపారంలో మీకు ఏది సరిపోతుంది?

ఫిట్‌నెస్ వ్యాపారం అనగానే చాలామందికి కళ్లముందు మెదిలేది రోడ్డు పక్క రెండో అంతస్తులో అద్దాలు, రంగు లైట్లు, వరసగా ట్రెడ్‌మిల్స్ ఉన్న జిమ్. కానీ ఈ రంగంలోకి దిగడానికి అదొక్కటే దారి కాదు. ఇంటికెళ్లి ట్రైనింగ్ ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో కోచింగ్ చేయొచ్చు, చిన్న స్టూడియో పెట్టొచ్చు, నడుస్తున్న జిమ్ కొనుక్కోవచ్చు, ఫ్రాంచైజీ తీసుకోవచ్చు. అప్పు చేసి జిమ్ పెడితే మాత్రం తప్పు దిద్దుకునేంత సమయం దొరకదు. ఏ నెలకానెల అద్దె, కరెంటు, జీతాలు, వాయిదా వచ్చి పడుతుంటాయి.

ఇక్కడ వాడిన అంకెలు కరీంనగర్, గుంటూరు లాంటి ఊళ్లో మెయిన్ రోడ్డుకు ఒక వీధి లోపల ఉన్న చోటును ఊహించుకుని వేసినవి. హైదరాబాద్‌లో కూకట్‌పల్లి, మాదాపూర్ వైపు అయితే అద్దె ఎక్కువ, ఫీజూ ఎక్కువ. మీ ఊరి అంకెలు పెట్టి అదే వరసలో లెక్క వేసుకోండి.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్క మెంబరు రాకపోయినా నెలకు తప్పకుండా కట్టాల్సిన మొత్తం. పెట్టుబడి ఎంత అన్నది దాని తర్వాతే. పెట్టుబడి ఒకసారి పోతుంది, నెలనెలా ఖర్చు మాత్రం మనిషిని తినేస్తుంది. ఆ మొత్తాన్ని ఆరు నెలలపాటు ఫీజు మీద ఆధారపడకుండా కట్టగలరా? కట్టలేకపోతే ఆ దారి ఇప్పటికి మీది కాదు.

రెండోది గట్టెక్కే సంఖ్య. నెల ఖర్చును ఒక మెంబరు నుంచి నిజంగా చేతికొచ్చే సగటుతో భాగిస్తే వచ్చేది ఇదే. బోర్డు మీద రాసిన ఫీజుతో భాగిస్తే లెక్క తప్పుతుంది. నెలకు ₹1,500 అని రాసి, ఏడాది ప్యాకేజీ ₹9,999కి ఇస్తే ఆ మనిషి నెలకు ₹833 కడుతున్నట్టు. నెలనెలా కట్టేవాళ్లు, ఏడాదికి కట్టేవాళ్లు ఇద్దరూ కలిసిన జిమ్‌లో సగటు వెయ్యి దగ్గర ఆగుతుంది.

మూడోది, మీరు పది రోజులు జ్వరంతో పడుకుంటే వ్యాపారం నడుస్తుందా లేదా. నాలుగోది, మూసేయాల్సి వస్తే ఎంత వెనక్కి వస్తుంది. ఐదోది జీఎస్టీ గీత. సేవలకు ఏడాదికి ₹20 లక్షల టర్నోవర్ దాటితే మన రెండు రాష్ట్రాల్లోనూ రిజిస్ట్రేషన్ తప్పదు. ఈ గీత జిమ్ లెక్కను ఎంత మారుస్తుందో కింద చూద్దాం.

| దారి | మొదటి పెట్టుబడి | నెలకు తప్పని ఖర్చు | గట్టెక్కే సంఖ్య | మూసేస్తే మిగిలేది |
|---|---|---|---|---|
| ఇంటికెళ్లి ట్రైనింగ్ | కోర్సు ఫీజు కాక 20–25 వేలు | 5–8 వేలు (పెట్రోలు, ఫోను) | ఒకరు | కిట్టు మొత్తం |
| ఆన్‌లైన్ కోచింగ్ | 30–60 వేలు | 3–6 వేలు | ఇద్దరు | ఫోను, లైట్లు |
| చిన్న స్టూడియో, 900 చదరపు అడుగులు | 7–8 లక్షలు | 60 వేలు | 40 మంది | అడ్వాన్సు, ఏసీలు, సౌండు |
| కాలనీ జిమ్, 2,200 చదరపు అడుగులు | 30 లక్షలు | 1.73 లక్షలు | 185–193 మంది | అడ్వాన్సు, సామాన్ల విలువలో కొంత |
| నడుస్తున్న జిమ్ కొనడం | బేరాన్ని బట్టి | జిమ్ అంతే, వాయిదా తక్కువ | పాత ప్యాకేజీలు తీసేశాకే తెలుస్తుంది | జిమ్ లాగే |
| ఫ్రాంచైజీ | సాధారణంగా కోటి పైన | రాయల్టీ కలుపుకుని అన్నిటికంటే ఎక్కువ | ఒప్పందాన్ని బట్టి | బ్రాండు పేరు మీది కాదు |

## ఇంటికెళ్లి ట్రైనింగ్

పెట్టుబడి అతి తక్కువ, నేర్చుకునేది అతి ఎక్కువ. 20–24 కిలోల వరకు సర్దుకునే డంబెల్స్ ఒక జత, 8, 12 కిలోల కెటిల్‌బెల్స్, మూడు బలాల రెసిస్టెన్స్ బ్యాండ్లు, రెండు మ్యాట్లు, తలుపుకు తగిలించే సస్పెన్షన్ పట్టీలు ఉంటే చాలు. డబ్బు పెట్టాల్సింది సర్టిఫికెట్ మీద. ఏసీఈ, నాస్మ్, ఏసీఎస్ఎం లాంటి అంతర్జాతీయ పరీక్షలకు పెద్ద క్లయింట్ల దగ్గర విలువ ఉంది. యోగా అయితే ఆయుష్ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష ఉంది.

ఇక్కడ దెబ్బ కొట్టేది దూరం. జనం అడిగేది ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది మధ్యే. ఒక క్లయింటు మియాపూర్‌లో, ఇంకొకరు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటే ఉదయానికి ఇద్దరే అవుతారు. అందరూ మూడు నాలుగు కిలోమీటర్ల లోపల, వీలైతే ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉంటే అదే ఉదయం నలుగురవుతారు. అందుకే మొదటి క్లయింటు కుదిరాక రెండో క్లయింటును అదే బ్లాకులో వెతకాలి. ఊరి అవతల నుంచి ఎక్కువ ఫీజు ఇస్తామన్నా ఆలోచించే ఒప్పుకోవాలి.

డబ్బు విషయంలో రెండు నియమాలు మొదటి రోజే చెప్పేయండి. నెలకు 12 సెషన్లకు ఫీజు ముందుగా కట్టాలి. ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు చెప్పకుండా మానేస్తే ఆ సెషన్ అయినట్టే. ఇది మొహమాటానికి వదిలేస్తే నెల తిరిగేసరికి 12 సెషన్లు ఆరు వారాలకు సాగుతాయి, ఆదాయం మూడో వంతు తగ్గిపోతుంది.

మొదలుపెట్టే ముందు పార్‌-క్యూ అనే ఏడు ప్రశ్నల ఆరోగ్య ఫారం నింపించి సంతకం తీసుకోండి. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, బీపీ మందులు, కీళ్ల సమస్య వంటివి అందులో బయటపడతాయి. దేనికైనా అవునని వస్తే డాక్టరు రాసిచ్చాకే మొదలుపెట్టాలి.

ఈ దారికి పైకప్పు ఉంది. రోజుకు ఐదారుగురికి మించి చేస్తే మనిషి అరిగిపోతాడు. అయినా జిమ్ పెట్టాలనుకునే ట్రైనరు ఒక ఏడాది ఇది చేస్తే, తన వెంట వచ్చే ఇరవై ముప్పై మందితో జిమ్ తెరవొచ్చు. ఖాళీ హాల్లో కూర్చుని పాంప్లెట్లు పంచాల్సిన పని ఉండదు.

## ఆన్‌లైన్ కోచింగ్

తెలుగువాళ్లు ప్రపంచమంతా ఉన్నారు కాబట్టి మనకు ఇది నిజంగా పనికొచ్చే దారి. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు తినే మనిషికి అదే తిండిలో ప్రొటీన్ సర్ది చెప్పగలిగే కోచ్ డాలస్‌లో సులభంగా దొరకడు. సమయం కూడా కలిసొస్తుంది. మన దగ్గర ఉదయం 6:30 అయితే డాలస్‌లో ముందురోజు సాయంత్రం, వేసవిలో 8, చలికాలంలో 7. అక్కడివాళ్లు ఆఫీసు నుంచి వచ్చి, పిల్లలకు అన్నం పెట్టి తీరిక చేసుకునే వేళ అది. ఇక్కడి క్లయింట్లకు సాయంత్రాలు, అక్కడివాళ్లకు ఉదయాలు అని పంచుకోవచ్చు.

విదేశాల నుంచి వచ్చే ఫీజు కూడా ఆ ₹20 లక్షల లెక్కలో కలుస్తుంది. రిజిస్ట్రేషన్ అయ్యాక, డబ్బు విదేశీ కరెన్సీలో వచ్చి ఎగుమతి షరతులు కుదిరితే, ఎల్‌యూటీ అనే హామీ పత్రం దాఖలు చేసి పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చు.

బలహీనత ఏమిటంటే జనం నిలవరు. ప్లాన్ పీడీఎఫ్ చేతికొచ్చాక, ‘నేనే చేసుకుంటాలే’ అనుకుంటారు. అందుకని నెలవారీగా అమ్మకండి, 12 వారాల ప్రోగ్రాంగా అమ్మండి. వారానికి ఒకసారి 15 నిమిషాల వీడియో కాల్, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేస్తున్నప్పుడు పక్కనుంచి తీసిన వీడియో పంపడం తప్పనిసరి చేయండి. షుగరు తగ్గిస్తాను, థైరాయిడ్ పోగొడతాను అని పోస్టర్ వేయకండి. అది ట్రైనరు పని కాదు, ఎవరికైనా మందుల మోతాదు తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది.

## చిన్న స్టూడియో

యోగా, జుంబా, ఫంక్షనల్ ట్రైనింగ్ లాంటి బ్యాచ్ తరగతులకు 900 చదరపు అడుగులు చాలు. బాత్రూము, రిసెప్షను పోగా 700 మిగులుతుంది. యోగాకు మనిషికి 28–30 చదరపు అడుగులు, గెంతులు ఉండే తరగతికి 35–40 కావాలి. అంటే యోగా బ్యాచ్‌కు 23–25 మంది, గెంతులుండే బ్యాచ్‌కు 18–20 మంది. ఇంకొకర్ని ఇరికిస్తే చేతులు తగులుకుని ఇద్దరు మానేస్తారు.

నెల లెక్క: అద్దె 27 వేలు, కరెంటు 5 వేలు, ఒక ఇన్‌స్ట్రక్టరు 20 వేలు, శుభ్రత 4 వేలు, మిగతావి 4 వేలు, మొత్తం 60 వేలు. ఫీజు ₹1,500 అయితే 40 మంది చాలు. నాలుగు బ్యాచ్‌లకు తలా పది మంది. ఈ ఫీజుతో 111 మంది దాటేదాకా ₹20 లక్షల గీత తగలదు. పెట్టుబడి వసూలయ్యే కాలంలో ఇది ఎంతో ఊరట.

ఉదయం పది నుంచి పదకొండున్నర బ్యాచ్‌ను వదులుకోవద్దు. పిల్లలను బడికి, భర్తను ఆఫీసుకు పంపిన గృహిణులు వచ్చే వేళ అది. జిమ్‌లలో ఖాళీగా పోయే ఆ గంటన్నరే స్టూడియోకు నిలకడైన ఆదాయం. లేడీ ఇన్‌స్ట్రక్టరు, బయటి నుంచి కనపడని కిటికీలు, చెప్పులకు, బ్యాగులకు విడిగా చోటు ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ఆ బ్యాచ్ నిండదు.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది పేరు, పాట. జుంబా అన్నది ట్రేడ్‌మార్కు. లైసెన్సు ఉన్న ఇన్‌స్ట్రక్టరు చెప్పే తరగతికే ఆ పేరు పెట్టొచ్చు. లేకపోతే డాన్స్ ఫిట్‌నెస్ అని రాసుకోండి. తరగతిలో సినిమా పాటలు పెడితే అది బహిరంగ ప్రదర్శన కిందికి వస్తుంది. పాటల హక్కులు చూసే పీపీఎల్, ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్సు ఖర్చు ముందే లెక్కలో వేయండి.

రెండోది కింద ఇంటివాళ్లు. ఇరవై మంది ఒకేసారి గెంతితే పైకప్పు అదురుతుంది. కింద అంతస్తులో క్లినిక్కో ట్యూషనో ఉందంటే మూడు నెలల్లో గొడవ ఖాయం. గ్రౌండ్ ఫ్లోరు దొరక్కపోతే రాత్రి ఎనిమిది తర్వాత యోగా, స్ట్రెచింగ్ మాత్రమే పెట్టుకోండి.

స్టూడియో అసలు లోపం మనిషి మీద ఆధారపడటం. జనం వచ్చేది ఇన్‌స్ట్రక్టరు కోసం. ఆవిడ పక్క వీధిలో సొంతంగా పెట్టుకుంటే సగం బ్యాచ్ వెళ్లిపోతుంది. జీతానికి తోడు ఆ బ్యాచ్ ఫీజులో వాటా ఇస్తే ఉండిపోవడానికి ఒక కారణం దొరుకుతుంది. ప్రతి బ్యాచ్‌కు వారంలో ఒక రోజు వేరే ఇన్‌స్ట్రక్టరును పంపడం మొదటి నెల నుంచే అలవాటు చేయండి.

## కాలనీ జిమ్

ఎక్కువమంది అడిగేది దీని గురించే కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

పెట్టుబడి: సామాన్లు 12 లక్షలు, వాటిపై 18 శాతం జీఎస్టీతో 14.16 లక్షలు. రబ్బరు ఫ్లోరింగు, అద్దాలు 2.5 లక్షలు. వైరింగు, ఏసీలు 4 లక్షలు. ఆరు నెలల అడ్వాన్సు 3.3 లక్షలు. బోర్డు, సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ లక్ష. ఇది దాదాపు 25 లక్షలు. దీని మీద 5 లక్షలు చేతిలో ఉంచుకోవాలి. మొత్తం 30 లక్షల్లో సగం అప్పు అనుకుందాం. 15 లక్షలకు 12 శాతం వడ్డీతో ఐదేళ్ల వాయిదా నెలకు ₹33,400.

నెల ఖర్చు: అద్దె 55,000, కరెంటు 18,000, ఇద్దరు ట్రైనర్లు 36,000, రిసెప్షను, శుభ్రత 18,000, మరమ్మతులు 6,000, ప్రచారం 7,000, వాయిదా 33,400. మొత్తం ₹1,73,400. ఇందులో యజమాని జీతం లేదు.

ఈ ఖర్చు మాత్రమే రావాలన్నా ఏడాదికి ₹20.8 లక్షల వసూలు కావాలి. అంటే లాభం మొదలవ్వకముందే జీఎస్టీ గీత దాటేస్తారు. 2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్, యోగా సేవల మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. అయితే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తగ్గించుకునే వీలు, లేదు. సామాన్లు కొన్నప్పుడు కట్టిన ₹2.16 లక్షలు తిరిగి రావు, అది ఖర్చే. ఇంకొకటి: 2024 అక్టోబరు 10 నుంచి, రిజిస్ట్రేషన్ లేని ఇంటి యజమానికి వ్యాపార అద్దె కట్టే రిజిస్టర్డ్ వ్యాపారి ఆ అద్దె మీద 18 శాతం పన్ను తానే కట్టాలి. ₹55 వేల మీద నెలకు ₹9,900. ఓనరుకు రిజిస్ట్రేషన్ ఉంటే ఆయనే బిల్లులో వేస్తాడు, మీకు తేడా లేదు.

వెయ్యి రూపాయల సగటు ఫీజులో పన్ను పోగా మీకు మిగిలేది ₹952. అద్దె పన్ను కలిపితే గట్టెక్కే సంఖ్య 193. సేవలకు ₹50 లక్షల టర్నోవర్ వరకు, మొత్తం వసూలు మీద 6 శాతం కట్టే కాంపోజిషన్ పథకం ఉంది. అందులో ఈ అద్దె పన్ను పడదు, కానీ మెంబరు దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు. దానితో లెక్క 185. శాతం ఎక్కువైనా, బిల్డింగు ఓనరుకు రిజిస్ట్రేషన్ లేని చిన్న జిమ్‌కు కాంపోజిషనే లాభం కావచ్చు. మీ సీఏ దగ్గర రెండు లెక్కలూ వేయించాకే నమోదు చేయండి.

అప్పు విషయానికొస్తే, ముద్రా కింద జిమ్‌కు అప్పు వస్తుంది. తరుణ్ విభాగంలో 10 లక్షల వరకు. 20 లక్షల తరుణ్ ప్లస్ మాత్రం తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవాళ్లకే. మొదటిసారి దిగేవాళ్లు 15 లక్షలు ముద్రాలో వస్తాయని నమ్మి అడ్వాన్సు ఇచ్చేయకండి.

### చోటు చూసేటప్పుడు

సెల్లార్ చవకగా వస్తుంది, తీసుకోవద్దు. పార్కింగుకు అనుమతించిన సెల్లార్‌లో జిమ్ నడపడం నిబంధనలకు విరుద్ధం. ఫ్లోరింగు వేశాక నోటీసు వస్తే సర్దుకోవడానికి చోటుండదు.

పై అంతస్తయితే శ్లాబు బలం అడగండి. ఇళ్ల శ్లాబులను చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల వాడుక భారానికి డిజైన్ చేస్తారు. 2.5 నుంచి 30 కిలోల వరకు డంబెల్ జతలన్నీ కలిపితే 390 కిలోలు. చదరపు మీటరున్నర చోటులో పట్టే స్టాండు మీద అవన్నీ పెడితే చదరపు మీటరుకు 260 కిలోలు, స్టాండు బరువు కాకుండానే. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, బరువులను బీములకు, స్తంభాలకు దగ్గరగా పెట్టండి.

కరెంటు మూడు ఫేజులు, ఎల్‌టీ-2 కమర్షియల్ కనెక్షన్ ఉండాలి. సింగిల్ ఫేజుతో తెరిచిన జిమ్‌లో ఏం జరుగుతుందంటే, ఉదయం ఆరింటికి రెండు ఏసీలు, మూడు ట్రెడ్‌మిల్స్ ఒకేసారి నడిచి వోల్టేజి పడిపోతుంది. కంట్రోలర్ బోర్డు ఎర్రర్ చూపించి బెల్టు ఆగిపోతుంది. పరిగెత్తే మనిషి ముందుకు తూలతాడు. నెలకోసారి ఇలా అయితే బోర్డు కాలిపోతుంది. ఒక్కో ట్రెడ్‌మిల్‌కు విడి లైను, విడి ఎంసీబీ, సరైన ఎర్తింగు ఇవ్వండి. వెనక రెండు మీటర్లు, పక్కన అర మీటరు ఖాళీ వదలండి.

లీజు ఐదేళ్లకు రాయించుకుని రిజిస్టర్ చేయించండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 11 నెలల కాగితం మీద పాతిక లక్షలు పోయడం దుస్సాహసం. లాకిన్, అంటే ఒప్పందం మధ్యలో తెంచుకోకూడని కాలం, ఓనరుకు ఐదేళ్లు, మీకు ఒక ఏడాది ఉండేలా బేరమాడండి. అద్దె పెంపు శాతం అంకెల్లో రాయించాలి.

### సామాన్లు కొనేటప్పుడు

ట్రెడ్‌మిల్స్ మూడు చాలు. ఆ డబ్బు డంబెల్స్, బెంచీలు, రెండు స్క్వాట్ ర్యాకుల మీద పెట్టండి. సాయంత్రం ఏడింటికి జనం క్యూ కట్టేది 10, 12.5, 15 కిలోల డంబెల్స్ కోసం, అవి రెండేసి జతలుండాలి. బార్లు 20 కిలోలవి నాలుగు, ప్లేట్లు 350 కిలోల దాకా. కేబుల్ క్రాసోవర్, లాట్ పుల్‌డౌన్, సీటెడ్ రో, లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్‌తో కలిసిన కర్ల్, స్మిత్ మెషీన్ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. ఫ్లోరింగు మామూలు చోట 8–10 మిల్లీమీటర్లు, బరువులు దించే చోట 20.

మీరట్, జలంధర్ తయారీ సామాన్లు చవక. పెద్ద కంపెనీవి దాదాపు రెట్టింపు. కార్డియో మెషీన్లు మాత్రం మీ ఊరికి రెండు రోజుల్లో టెక్నీషియన్ పంపగల కంపెనీవే తీసుకోండి. ఇనుప మెషీన్లు ఎవరివైనా వెల్డింగు బాగుంటే నడుస్తాయి. ముందుగా పాడయ్యేవి కేబుళ్లు, సీటు రెక్సిను, డంబెల్ బోల్టులు. కేబులు పుల్లీ దగ్గర తీగలు విడిపోతుంటే అదే రోజు మార్చాలి, అందుకే ప్రతి పొడవులో ఒకటి స్టోర్‌లో ఉంచండి. ట్రెడ్‌మిల్ బెల్టు కింద సిలికాన్ ఆయిలు వేయకపోతే రాపిడి పెరిగి మోటారు కాలుతుంది.

## నడుస్తున్న జిమ్ కొనడం

అమ్మేవాళ్లు ‘300 మంది మెంబర్లున్నారు’ అంటారు. రిజిస్టరు కాదు, గత 90 రోజుల బయోమెట్రిక్ లాగ్ అడగండి. అందులో కనిపించేవాళ్లే మెంబర్లు.

ఆ తర్వాత అసలు ప్రశ్న: డబ్బు ముందే కట్టేసినవాళ్లు ఎంతమంది? 120 మంది ఏడాది ప్యాకేజీలో ఉండి, సగటున ఏడు నెలలు మిగిలి, నెలకు ₹800 విలువ అనుకుంటే అది ₹6.72 లక్షల బాకీ. ఆ డబ్బు పాత యజమాని వాడుకున్నాడు, సేవ మాత్రం మీరు చేయాలి. ఆ మొత్తం ధరలోంచి తగ్గించకపోతే మొదటి అర్ధ సంవత్సరం ఊరికే పనిచేస్తారు.

కొత్త లీజు మీ పేరున రాకుండా అడ్వాన్సు ఇవ్వకండి. కరెంటు బాకీ, జీఎస్టీ రిటర్నులు, ట్రైనర్ల జీతాల బాకీ చూడండి. ప్రతి ట్రెడ్‌మిల్‌ను మనిషిని ఎక్కించి అరగంట నడిపించండి. ఖాళీగా తిరిగే బెల్టు బరువు పడగానే ఆగిపోవచ్చు. ఇవన్నీ సరిపోతే కొత్త జిమ్ కంటే ఇదే మేలు, ఎందుకంటే మొదటి నెల నుంచే కొంత వసూలు ఉంటుంది. యజమాని పట్టించుకోక పాడైన జిమ్ బాగుచేయొచ్చు. చోటు బాగాలేక పడిపోయిన జిమ్‌ను ఎవరూ నిలబెట్టలేరు.

## ఫ్రాంచైజీ

పేరుతో జనం వస్తారు, వ్యవస్థ తయారుగా దొరుకుతుంది. బదులుగా ప్రవేశ రుసుము, ప్రచార రుసుము, వాళ్లు చెప్పిన చోటే సామాన్లు కొనడం, రాయల్టీ. రాయల్టీ, అంటే పేరు వాడుకున్నందుకు కట్టే వాటా, మీ మొత్తం వసూలు మీద ఉంటుంది, లాభం మీద కాదు. నష్టం వచ్చిన నెలలోనూ కట్టాలి.

మన దేశంలో ఫ్రాంచైజీ ఇచ్చేవాళ్లు తమ లెక్కలు బయటపెట్టాలని నిర్బంధించే ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి మీరే అడగాలి. మీలాంటి ఊళ్లో రెండేళ్లు దాటిన మూడు బ్రాంచీల ఆడిటెడ్ లెక్కలు చూపించమనండి, ఆ యజమానులను నేరుగా కలవండి. యాప్ ద్వారా అమ్మిన మెంబర్‌షిప్‌లో మీ వాటా ఎంత, ఎన్ని కిలోమీటర్ల లోపల ఇంకో బ్రాంచి ఇవ్వరు, ఎన్నేళ్లకు సామాన్లు మార్చాలి, బ్రాండు చేతులు మారితే మీ ఒప్పందం ఏమవుతుంది అన్నవి రాతలో ఉండాలి. ఈ చివరి ప్రశ్న ఊహ కాదు. గోల్డ్స్ జిమ్‌కు ఇండియాలో మాస్టర్ ఫ్రాంచైజీగా ఉన్న కంపెనీలో మెజారిటీ వాటాను 2022లో కల్ట్ ఫిట్ మాతృసంస్థ కొంది. 1932లో మొదలైన తల్వాల్కర్స్ 2019లో అప్పులు కట్టలేక కుదేలైంది. పేరు పెద్దదైతే నష్టం రాదనుకోవద్దు.

## ఎవరికి ఏది

సర్టిఫికెట్ ఉన్న ట్రైనరు, చేతిలో రెండు లక్షలు: ఇంటికెళ్లి ట్రైనింగ్, దానికి తోడు ఆన్‌లైన్. ఏడాది తర్వాత స్టూడియో. జిమ్ ఊసు అప్పుడే వద్దు.

యోగా లేదా డాన్స్ చెప్పే మహిళ: మొదట అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసులో ఫీజులో వాటా ఇచ్చే పద్ధతిలో ఒక బ్యాచ్. ముప్పై మంది దాటాక స్టూడియో.

పీఈటీ, అథ్లెటిక్స్ నేపథ్యం ఉన్నవాళ్లు: కానిస్టేబుల్, ఎస్సై ఈవెంట్స్ కోచింగ్ చూడండి. 1,600 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ లాంటివి నేర్పడానికి గ్రౌండు, ఇసుక గుంట, స్టాప్‌వాచ్ చాలు. నోటిఫికేషన్ ఉన్నప్పుడే జనం ఉంటారు కాబట్టి దీన్నే నమ్ముకుని అద్దె చోటు తీసుకోకూడదు.

సొంత బిల్డింగు ఉన్నవాళ్లు: కాలనీ జిమ్ మీకు నిజంగా పనికొస్తుంది. పై లెక్కలోంచి అద్దె ₹55 వేలు, దాని పన్ను తీసేస్తే 193 కాస్తా 125 అవుతుంది. బయటివాళ్లకు అద్దెకిస్తే వచ్చే డబ్బు వదులుకుంటున్నారని మాత్రం గుర్తుంచుకోండి.

ఉద్యోగం చేస్తూ, లేదా విదేశంలో ఉండి డబ్బు పెట్టేవాళ్లు: బావమరిది చూసుకుంటాడని కొత్త జిమ్ పెట్టకండి. నగదు వసూళ్లు, పీటీ (పర్సనల్ ట్రైనింగ్) ఫీజులు లెక్కలోకి రాకుండా పోయేది ఇలాంటి చోటే. మేనేజరు ఉన్న నడుస్తున్న జిమ్, లేదా కంపెనీయే నడిపే ఫ్రాంచైజీ ఒప్పందం చూడండి. రెండోదాంట్లో కనీస హామీ మొత్తం, అది ఎన్నేళ్లు ఇస్తారో చదవండి.

## పెంచేటప్పుడు

జనవరిలో ఏడాది ప్యాకేజీలు అమ్మితే ఖాతాలో ఒకేసారి ఐదారు లక్షలు పడతాయి. అది ఆదాయం కాదు, పన్నెండు నెలల్లో చేయాల్సిన పనికి అడ్వాన్సు. పైగా సేవల మీద జీఎస్టీ డబ్బు అందిన నెలలోనే పడుతుంది. ఆ మొత్తాన్ని వేరే ఖాతాలో పెట్టి నెలకు పన్నెండో వంతు తీసుకోండి. ఆ డబ్బుతో రెండో బ్రాంచి తెరిచినవాళ్లకు ఏప్రిల్, మే వచ్చేసరికి రెండు అద్దెలుంటాయి. పరీక్షలు, ఎండలు, ఊళ్లకు వెళ్లడాలతో కొత్త అడ్మిషన్లు ఉండవు. అయ్యప్ప దీక్షలు, రంజాన్ నెలలో కూడా హాజరు తగ్గుతుంది. దీక్షలో ఉన్నవాళ్లకు 41 రోజులు ఉచితంగా పొడిగిస్తే మాల తీశాక తిరిగొస్తారు.

ప్రతి సోమవారం ఒకటే జాబితా చూడండి: పది రోజులుగా రానివాళ్లు. వాళ్లకు మెసేజ్ కాదు, ట్రైనరు చేత ఫోన్ చేయించండి. మూడు వారాలు మానేసిన మనిషి సాధారణంగా రెన్యువల్ చేయడు, అప్పుడు ఆఫర్ ఇచ్చినా లాభం లేదు.

జిమ్ లాభం చాలాసార్లు పర్సనల్ ట్రైనింగ్‌లోంచే వస్తుంది. ఫీజులో ట్రైనరుకు 40–50 శాతం ఇచ్చి, డబ్బు మాత్రం జిమ్ ఖాతాకే వచ్చేలా చూడండి. సప్లిమెంట్లు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కావాలి, కంపెనీ అధీకృత డీలరు బిల్లు ఉన్న సరుకే పెట్టాలి. స్టెరాయిడ్ ఇంజక్షన్లు చేతులు మారుతున్నాయని తెలిసిన రోజే ఆ ట్రైనరును పంపేయండి, ఎంత పీటీ తెచ్చేవాడైనా సరే. పంతొమ్మిదేళ్ల కుర్రాడి గుండె, కాలేయం కంటే ఆ ఆదాయం ఎక్కువ కాదు.

రెండో బ్రాంచి గురించి ఆలోచించే ముందు మొదటి జిమ్‌లో మూడు నెలలు మీరు రోజుకు గంటకు మించి ఉండకుండా చూడండి. వసూళ్లు, రెన్యువల్స్ తగ్గకపోతే అప్పుడు చోటు వెతకడం మొదలుపెట్టవచ్చు.